సముద్రంలో తాగునీళ్ల కరువు

అనంతపురం, కడప పల్లెల్లో టీడీఎస్ అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. లీటరు నీళ్లలో 500 మిల్లీగ్రాములకు మించి లవణాలు లేకపోతే తాగడానికి మంచివని, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ లెక్క. అదీ దాటితే బోరు నీళ్లను గిన్నెలు తోమడానికి ఉంచుకుని, ఆర్‌ఓ ప్లాంటు దగ్గర క్యాను పట్టాల్సిందే. అదే కొలతతో సముద్రపు నీళ్లను చూస్తే 35,000 వస్తుంది. లీటరుకు 35 గ్రాములన్నమాట. చేప, పాము, తాబేలు, తిమింగలం అన్నీ ఆ నీళ్లలోనే బతకాలి.

గుడ్లు పెడుతూ ఏడ్చే తాబేలు, ముక్కు చివర నుంచి చుక్కలు రాల్చే పక్షి, ఉప్పు తుమ్మే బల్లి, నెలల తరబడి గుక్కెడు నీళ్లు తాగని పాము ఫోన్లలో తిరిగే వీడియోల్లో విడివిడి వింతలుగా కనిపిస్తాయి. శరీరంలో నీరు ఎంత, ఉప్పు ఎంత అన్న జమాఖర్చు తీసి చూస్తే ఇవన్నీ ఒకే చిక్కుకు వేర్వేరు ప్రాణులు వెతుక్కున్న విరుగుళ్లు. ఏ విరుగుడూ ఉచితంగా రాలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే వానతో బతికే జిల్లా వాళ్లకు ఈ జమాఖర్చు కోస్తావాళ్లకన్నా తొందరగా అర్థమవుతుంది.

నీళ్లు ఎటు పోతాయి

మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మర్నాటికి అడుగున ఊట చేరుతుంది. ఆ నీళ్లు ముక్కల్లోంచి వచ్చినవే. నీటిని వదిలి ఉప్పును ఆపే పలచని పొర మధ్యలో ఉన్నప్పుడు, ఉప్పు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు నీరు జారిపోతుంది. దీన్నే ఆస్మాసిస్ అంటారు. ఆర్‌ఓ ప్లాంటు ఈ దారిని పంపు ఒత్తిడితో వెనక్కి తిప్పుతుంది. సముద్రపు నీటిని అలా తిప్పాలంటే 50 బార్లకు పైగా ఒత్తిడి కావాలి. ఏ ప్రాణి ఒంట్లోనూ అంత ఒత్తిడి పుట్టించే పంపు లేదు.

మన రక్తం చిక్కదనం లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన నీటికి సమానం. సెలైన్ బాటిల్ మీద 0.9 శాతం అని రాసి ఉండేది అందుకే. అర లీటరు బాటిల్లో సరిగ్గా 4.5 గ్రాముల ఉప్పు ఉంటుంది. సముద్రం దానికి మూడు రెట్లకు పైనే చిక్కన. మనిషి కిడ్నీ అంత ఉప్పుగా మూత్రాన్ని తయారు చేయలేదు. లీటరు సముద్రపు నీళ్లు తాగితే ఆ ఉప్పును వదిలించుకోవడానికి లీటరు కంటే ఎక్కువ నీరు ఒంట్లోంచి పోవాలి. పైగా అందులోని మెగ్నీషియం, సల్ఫేట్ కలిసి భేది మందులా పనిచేస్తాయి. తాగినకొద్దీ ఎండిపోవడం అంటే ఇదే.

కొన్ని ప్రాణులు అసలు ఈ గొడవలోకే దిగలేదు. జెల్లీఫిష్, ఆక్టోపస్, నక్షత్ర చేపల ఒంట్లోని ద్రవం సముద్రమంత చిక్కగా ఉంటుంది. లోపలా బయటా సమానమైతే నీరు కారిపోదు. వెన్నెముక ఉన్నవాటిలో ఈ దారి పట్టింది హ్యాగ్‌ఫిష్ ఒక్కటే. ఖర్చు లేని పద్ధతే, కానీ ఉన్నచోటు నుంచి కదలనివ్వదు. తుపాను వరద నదీముఖాన్ని మంచినీటితో ముంచెత్తితే నక్షత్ర చేపలు ఉబ్బి చస్తాయి. ఉప్పు తగ్గిన నీటిలో వాటికి బయటపడే ఉపాయం లేదు.

చేప తాగుతుంది, మొప్పలతో కక్కుతుంది

కానాగంత, వంజరం, చందువా లాంటి ఎముకల చేపల రక్తంలో ఉప్పు సముద్రంలో ఉన్నదానికి మూడోవంతు. ఊపిరి కోసం మొప్పల్లో రక్తాన్ని నీటికి పలచని పొర దూరంలో పెట్టక తప్పదు, ఆ పొరలోంచే ఒంట్లో నీరు రాత్రీ పగలూ బయటికి కారిపోతుంది. కాబట్టి చేప సముద్రపు నీళ్లు తాగుతుంది. 1930లో హోమర్ స్మిత్ దీన్ని ఈల్ చేపల మీద తేల్చాడు. పేగులు పీల్చుకోని ఫినాల్ రెడ్ అనే రంగును నీటిలో కలిపి చూస్తే, చేప పేగుల్లో ఆ రంగు చిక్కబడింది. రంగు మిగిలి నీరు లోపలికి ఇంకిందంటే తాగినట్టే కదా.

తాగిన నీళ్లలో ఉప్పు ముందు అన్నవాహికలోనే కొంత తగ్గుతుంది. తర్వాత పేగు గోడ ఉప్పును రక్తంలోకి లాగుతుంది, దాని వెంట నీరు వస్తుంది. నీటి కోసం ఉప్పును కూడా లోపలికి రానివ్వాల్సి వచ్చింది, ఇప్పుడు దాన్ని గెంటాలి. ఆ పని మొప్పల్లోని ప్రత్యేక కణాలది. 1932లో ఆన్సెల్ కీస్, ఎడ్వర్డ్ విల్మర్ వీటిని గుర్తించారు. ఈ కణాల గోడలో సోడియం–పొటాషియం పంపు ఆగకుండా తిరుగుతుంది. అది పుట్టించిన తేడాను వాడుకుని క్లోరైడ్ ఒక ద్వారం గుండా సముద్రంలోకి పోతుంది, సోడియం దాని వెంట జారుకుంటుంది. ఈ పంపు పేరు గుర్తుంచుకోవాలి, చివర్లో బోరు నీళ్ల దగ్గర మళ్లీ పని పడుతుంది.

మెగ్నీషియం, సల్ఫేట్ మాత్రం మొప్పల గుండా పోవు. వాటికోసం కిడ్నీ కొద్దిపాటి మూత్రం తయారు చేస్తుంది. కాల్షియం కథ ఇంకా బాగుంటుంది. పేగులో బైకార్బొనేట్ ఊరి, కాల్షియంతో కలిసి తెల్లని సున్నపు పలుకులుగా గడ్డకట్టి మలంతో బయటికి వస్తుంది. సముద్రాల పైపొరల్లో ఏటా తయారయ్యే కార్బొనేట్‌లో 3 నుంచి 15 శాతం చేపల పేగుల్లోంచే వస్తుందని 2009లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్లూ, బెలుం గుహల రాయీ సముద్రపు సున్నమే. అయితే ఆ పుణ్యం చేపలకు దక్కదు, ఆ సున్నం పేరుకున్న కాలానికి చేపలింకా పుట్టలేదు.

మన చెరువుల్లో రోహు, బొచ్చెలకు అంతా తలకిందులు. రక్తం చిక్కన, చుట్టూ నీరు పలచన. నీరు మొప్పల గుండా లోపలికి తోసుకొస్తూనే ఉంటుంది. అవి దాదాపు తాగవు, పలచని మూత్రం ధారాళంగా వదులుతాయి, కారిపోయిన ఉప్పును మొప్పలతో నీటిలోంచి తిరిగి ఏరుకుంటాయి. మైలవరం, గండికోట, పీఏబీఆర్ రిజర్వాయర్లలో వదలడానికి పిల్లల్ని లారీలో తెచ్చేటప్పుడు చచ్చిపోవడానికి ఆక్సిజన్ ఒక్కటే కారణం కాదు. వల రాపిడికి ఒంటి మీది జిగురు ఊడిపోతుంది, పొలుసులు లేస్తాయి, ఆ గాయాల్లోంచి ఉప్పు బయటికీ నీరు లోపలికీ పోతాయి. అందుకే రవాణా నీటిలో లీటరుకు రెండు మూడు గ్రాముల రాళ్లుప్పు కలుపుతారు. తేడా తగ్గితే కారడం తగ్గుతుంది. ముందు రోజు నుంచే మేత ఆపాలి, లేకపోతే మేత అరిగి బయటికి వచ్చే అమ్మోనియా ఉప్పు చేసిన మేలును తినేస్తుంది.

సొర ఒంట్లో యూరియా

సొరది మాత్రం తెలివైన అడ్డదారి. రక్తాన్ని సముద్రమంత చిక్కగా చేసుకుంది, కానీ ఉప్పుతో కాదు, యూరియాతో. బస్తాల్లో 45 కిలోల లెక్కన పొలానికి తెచ్చుకునే యూరియా ఏ అణువో, ఇదీ అదే. మన బ్లడ్ రిపోర్టులో యూరియా డెసిలీటరుకు 15 నుంచి 40 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. సొర రక్తంలో అది సుమారు 2,000. ఆ అంకె మనిషి రిపోర్టులో కనబడితే డయాలసిస్ మాట ఎత్తడానికి కూడా ఆలస్యమైపోయినట్టే.

యూరియా అంత మోతాదులో ప్రొటీన్ల మడతలను విప్పేస్తుంది. దానికి విరుగుడుగా సొర ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే ఇంకో పదార్థాన్ని ఉంచుకుంటుంది. పొట్టిగా టీఎంఏఓ అంటారు. రెండు పాళ్లు యూరియాకు ఒక పాలు టీఎంఏఓ ఉంటే ఒకటి విప్పినదాన్ని ఇంకొకటి బిగిస్తుంది. యూరియా కారిపోకుండా మొప్పల పొర కొలెస్టరాల్‌తో దట్టంగా ఉంటుంది, కిడ్నీ తన దగ్గరికి వచ్చిన యూరియాలో 90 శాతానికి పైగా తిరిగి రక్తంలోకి పంపుతుంది. ఇంత చేస్తే సొర ఒంటి ద్రవం సముద్రం కన్నా ఒక వీసమెత్తు చిక్కనవుతుంది, నీరు దానంతటదే లోపలికి వస్తుంది. తాగే అవసరం లేదు. మేత వెంట వచ్చే ఉప్పును పేగు చివర వేలంత గ్రంథి ఒకటి బయటికి పంపుతుంది. అది చేసే పని 1960లో గానీ తెలియలేదు.

ఈ తెలివికి మూల్యం వంటింట్లో తేలుతుంది. సొర చచ్చిన వెంటనే బ్యాక్టీరియా యూరియాను అమ్మోనియాగా, టీఎంఏఓను చేపవాసన కొట్టే ట్రైమిథైలమైన్‌గా విరగ్గొడతాయి. పట్టిన చోటే రక్తం కార్చి, పేగులు తీసి, ఐసులో పెడితే ఈ పని నెమ్మదిస్తుంది. కోస్తా నుంచి సీమ మార్కెట్టుకు వచ్చేసరికి గడిచే గంటలు తక్కువేం కాదు, కాబట్టి ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని చూడాల్సిందే. వాసన కొద్దిగా ఉంటే చింతపండు రసంలోనో, నిమ్మరసం పిండిన నీళ్లలోనో నానబెట్టి పారబోస్తే సరిపోతుంది; పులుపు అమ్మోనియాను వాసన లేని రూపానికి మారుస్తుంది, నీటిలోకి యూరియా కొంత దిగుతుంది. కళ్లు మండేంత ఘాటుంటే పులుపుతో కప్పిపుచ్చి తినడం దండగ, పారేయడమే.

టీఎంఏఓకు ఇంకో ఉపయోగం ఉంది. లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి ప్రొటీన్ల ఆకారాన్ని చెడగొడుతుంది, ఈ పదార్థం దాన్ని కాపాడుతుంది. అందుకే లోతుకు పోయేకొద్దీ ఎముకల చేపల్లోనూ టీఎంఏఓ పెరుగుతుంది. ఒక లోతు దగ్గర ఆ చేప ఒళ్లు సముద్రమంత చిక్కనైపోతుంది. ఇంకా దిగితే సముద్రాన్ని మించిపోయి నీరు లోపలికి తోసుకొస్తుంది. ఈ లెక్క కట్టి 2014లో శాస్త్రవేత్తలు చేపలకు హద్దు 8,200 మీటర్ల దగ్గర ఉంటుందన్నారు. 2022లో జపాన్ దగ్గరి అగాధంలో కెమెరాకు చిక్కిన అతి లోతైన చేప, ఒక స్నెయిల్‌ఫిష్, ఉన్న లోతు 8,336 మీటర్లు. ఒక ఉప్పు లెక్క సముద్రపు అడుగు మీద గీత గీయగలిగిందంటే, ఈ విషయం మొత్తంలో మెచ్చుకోదగ్గ ఘట్టం ఇదే.

కన్నీళ్లు, తుమ్ములు

పక్షులకూ సరీసృపాలకూ మొప్పలు లేవు, కిడ్నీలు ఈ పనికి చాలవు. తలలో ఉప్పు గ్రంథులు పెట్టుకున్నాయి. 1957 ప్రాంతంలో క్నుట్ ష్మిట్–నీల్సన్ దీన్ని బయటపెట్టాడు. 1,420 గ్రాముల సీగల్‌కు 134 మిల్లీలీటర్ల సముద్రపు నీరు పట్టిస్తే, సుమారు మూడు గంటల్లో ఆ ఉప్పును వదిలించుకుంది. 70 కిలోల మనిషి ఆరున్నర లీటర్లు తాగి కులాసాగా కూర్చున్నట్టు లెక్క. కళ్ల పైన ఉండే ఆ గ్రంథిలోంచి వచ్చే ద్రవం సముద్రం కన్నా దాదాపు రెట్టింపు ఉప్పగా ఉంటుంది. అది ముక్కు రంధ్రాల్లోంచి దిగి కొసన చుక్కలుగా రాలుతుంది, పక్షి తల విదిలించి పారేస్తుంది. రక్తంలో ఉప్పు పెరిగినప్పుడే గ్రంథి పనిచేస్తుంది, మిగతా వేళల్లో ఊరకుంటుంది. ఉప్పు నీళ్లతో పెంచిన బాతుల్లో గ్రంథి పెద్దదవుతుందని కూడా చూశారు. పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలకూ ఈ గ్రంథులున్నాయి.

తాబేలు విషయంలో జనం బాగా పొరబడుతున్నారు. మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు పెట్టేటప్పుడు కారే నీరు ప్రసవవేదన కాదు, మనిషిని చూసి భయమూ కాదు. కంటి వెనక ఉప్పు గ్రంథి సముద్రంలోనూ కారుతూనే ఉంటుంది, అక్కడ నీటిలో కలిసిపోయి మనకు కనబడదు. ఒడ్డున కనబడుతుంది, పైగా కంట్లో పడ్డ ఇసుకను కడిగేస్తుంది. జెల్లీఫిష్‌లే ప్రధాన మేతగా బతికే లెదర్‌బ్యాక్ తాబేలుకు ఈ గ్రంథులు మెదడు కన్నా పెద్దవి. దాని మేతలో మూడొంతులకు పైగా సముద్రపు నీరే కాబట్టి ఆ మాత్రం సరంజామా కావాలి. ఉప్పునీటి మొసలికి గ్రంథులు నాలుక మీద. గలాపగోస్ దీవుల సముద్రపు ఇగువానా ముక్కుతో తుమ్మి పారేస్తుంది, ఆ తుంపరలు నెత్తిన పడి తెల్లగా అట్టకడతాయి.

వాన కోసం కాచుకునే పాము

పసుపు పొట్ట సముద్రపు పాము జీవితమంతా నడిసంద్రంలోనే. బంగాళాఖాతంలోనూ ఉంటుంది. కుబుసం విడవడానికి అక్కడ రాయీ రప్పా ఉండదు, తన ఒంటితో తనే ముడి వేసుకుని ఆ ముడిని తల నుంచి తోక దాకా జార్చి రుద్దుకుంటుంది. దీని నాలుక కింద ఉప్పు గ్రంథి ఉంది కాబట్టి సముద్రపు నీళ్లు తాగి బతుకుతుందని చాలాకాలం అనుకున్నారు. అది నిజం కాదు. కోస్టారికా తీరంలో పట్టిన పాముల మీద హార్వీ లిల్లీవైట్ బృందం 2014లో ప్రకటించిన పని ప్రకారం, ఒళ్లు ఎండిపోతున్నా ఈ పాము ఉప్పునీళ్లు ముట్టదు. మంచినీళ్లు చూపిస్తే తాగుతుంది. అక్కడి ఎండాకాలం ఆరేడు నెలలు, అన్నాళ్లూ పాము దాహంతో, తగ్గిన బరువుతో తేలుతుంది.

మరి సముద్రం నడుమ మంచినీళ్లెక్కడివి? ఉప్పునీరు ఘనపు మీటరుకు 1,025 కిలోల దాకా తూగుతుంది, వాన నీరు 1,000 కిలోలే. తేలికైన వాన నీరు కాసేపు పైపొరగా తేలుతుంది. పాము ఆ పొరలోంచి తాగుతుంది. వానకు ముందు పట్టిన పాములు ప్రయోగశాలలో మంచినీళ్లివ్వగానే తాగాయి. వానలు మొదలై వారం గడిచాక పట్టినవాటిలో తాగినవి బాగా తక్కువ. మధ్యలో సముద్రంలోనే దాహం తీరిందన్నమాట.

ఇక్కడ మెట్ట సేద్యంతో ఒక తేడా గమనించాలి. చెనక్కాయ చేనుకు నిదానంగా పట్టిన ముసురు మేలు, కుంభవృష్టి కొట్టుకుపోతుంది. పాముకు కావలసింది ఆ కుంభవృష్టే, అదీ గాలి లేనప్పుడు. సన్న జల్లు అలల్లో వెంటనే కలిసిపోతుంది, గాలి లేస్తే పైపొర నిలవదు. ఏడాది మొత్తం వాన సగటుకు దగ్గరగా ఉన్నా, అది చిన్న చిన్న జల్లులుగా పడితే ఈ పాము లెక్కలో కరువే.

తిమింగలాలు, సీల్‌లు మేతలోనే నీళ్లు తెచ్చుకుంటాయి. చేప ఒంట్లో 70 శాతం దాకా నీరు, అదీ సముద్రంలో మూడోవంతు ఉప్పుతో. అంటే ఉప్పు తీసే శ్రమ చేప పడింది, తిమింగలం దాన్ని మింగింది. కొవ్వు కరిగితే గ్రాముకు గ్రాము కన్నా కాస్త ఎక్కువే నీరు పుడుతుంది. స్క్విడ్‌లను తినే స్పెర్మ్ తిమింగలానికి ఈ సౌకర్యం తక్కువ, స్క్విడ్ ఒళ్లు సముద్రమంత ఉప్పు కదా, కిడ్నీ ఎక్కువ పని చేయాలి. ఎలిఫెంట్ సీల్ పిల్లలు పాలు మానాక రెండు నెలలు తిండీ నీళ్లూ లేకుండా ఒడ్డునే పడి ఉంటాయి. తల్లి పాలలో సగానికి పైగా ఉన్న కొవ్వే వాటికి అన్నమూ నీళ్లూ.

పులస నుంచి బోరు నీళ్ల దాకా

పుస్తెలమ్మైనా తినాలని గోదావరి జిల్లాల వాళ్లు చెప్పుకునే పులస, సముద్రంలో ఉన్నప్పుడు విలస. జూలై నుంచి వరద నీటికి ఎదురెక్కేటప్పుడు అది తాగడం మానాలి, మూత్రం పెంచాలి, ఉప్పును గెంటుతున్న మొప్పలు ఉప్పును ఏరుకునేలా మారాలి. ఇలా నదికీ సముద్రానికీ మధ్య తిరిగే చేపల్లో మొప్పల కణాలే కొత్తగా తయారవుతాయి. ఉప్పునీటి వైపు కార్టిసాల్, మంచినీటి వైపు ప్రోలాక్టిన్ అనే హార్మోన్లు తిప్పుతాయి. తల్లుల్లో పాలు పడేలా చేసే ప్రోలాక్టినే ఇది. పిట్యూటరీ గ్రంథి తీసేసిన కిల్లీఫిష్‌లు మంచినీటిలో చచ్చిపోతుంటే, ప్రోలాక్టిన్ ఒక్కటి ఇస్తే బతుకుతాయని గ్రేస్ పిక్‌ఫర్డ్ 1959లో చూపింది.

వనామీ రొయ్య కూడా అలా రెండు వైపులా సర్దుకోగలదు. లీటరుకు ఒకటి రెండు గ్రాముల ఉప్పు నుంచి 40 గ్రాముల దాకా తట్టుకుంటుంది. హరియాణా, పంజాబ్‌లలో సముద్రానికి వందల మైళ్ల దూరాన ఉప్పు భూగర్భజలంతో దీన్ని పెంచుతున్నారు. ఉప్పు బోర్లున్న సీమ రైతు ఎవరికైనా ఆ ఆలోచన రావడం సహజం. చిక్కు ఎక్కడంటే, బోరులోని ఉప్పు సముద్రపు ఉప్పు కాదు. సముద్రపు నీటిలో లీటరుకు సోడియం 10.8 గ్రాములు, మెగ్నీషియం 1.3, కాల్షియం 0.4, పొటాషియం 0.4. ఈ పాళ్లు ప్రపంచమంతటా దాదాపు ఒకటే. భూమిలోపల పొటాషియాన్ని బంకమట్టి పట్టేసుకుంటుంది, కాబట్టి బోరు నీటిలో అది చాలా తక్కువ. సోడియం–పొటాషియం పంపుకు పొటాషియం అందకపోతే ఉప్పు లెక్క తప్పుతుంది. పిల్ల రొయ్యలు మందకొడిగా తిరుగుతాయి, కుబుసం విడిచిన తర్వాత గుంపుగా చస్తాయి. జబ్బనుకుని మందులు గుమ్మరించినా ఆగదు.

సముద్రపు నీటినే లీటరుకు 5 గ్రాముల ఉప్పు దాకా పలచన చేస్తే అందులో 57 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. అంతే ఉప్పున్న బోరు నీటిలో 17 తేలిందనుకుంటే లోటు 40. ఎకరా చెరువులో మీటరు లోతు నీళ్లకు ఆ లోటు పూడ్చాలంటే 162 కిలోల పొటాషియం కావాలి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో సగమే పొటాషియం, అంటే 325 కిలోలు, 50 కిలోల బస్తాలు ఆరున్నర. అడుగు మట్టి మళ్లీ కొంత మింగేస్తుంది కాబట్టి కొద్ది వారాలకోసారి పరీక్ష చేయించి మళ్లీ వేయాలి. రొయ్య పిల్లల్ని పీఎల్–12, అంటే లార్వా దశ దాటి పన్నెండు రోజుల వయసు, దాటాకే తేవాలి, అంతకు ముందు మొప్పలు తయారై ఉండవు. హ్యాచరీ నీటి నుంచి బోరు నీటికి గంటగంటకు కొద్దికొద్దిగా మార్చాలి. ఇంత చేసినా చెరువు ఊట పక్క పొలంలోకి దిగితే ఆ నేల చౌడెక్కుతుంది, ఆ నష్టం రొయ్యల లాభంతో పూడదు. పల్లంలో వేరేవాళ్ల చేలుంటే ఈ పని తలపెట్టకపోవడమే మంచిది. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు మొత్తం ఉప్పు ఎంతో చూపుతుంది గానీ పొటాషియం ఎంతో చూపదు, దానికి నీటి నమూనాను ల్యాబుకే పంపాలి.